స్ప్రింగును నమ్మని బండి

మన పత్రికలో నేను ఇంతకు ముందు రెండుసార్లు రాశాను. ఒకసారి ప్రావిడెంట్ ఫండు కాగితాలు ఎట్లా నింపాలో రాశాను. ఇంకోసారి మార్కండేయ స్వామి రథోత్సవం గురించి రాశాను. ఈసారి మోటార్ సైకిల్ గురించి రాస్తున్నానంటే మా గల్లీలో అందరూ నవ్వారు. "లూనా తప్ప ఇంకో బండి నడపనోడివి, నీకెందుకయ్యా ఇటలీ బండి ముచ్చట?" అన్నారు.

వాళ్లన్నది నిజమే. నేను నాలుగో తరగతి దాకా చదివిన మనిషిని. షోలాపూర్‌లో ఒక మిల్లులో పదిహేడో ఏట బదిలీ కార్మికుడిగా చేరి, తర్వాత సాంచల జాబర్‌ని అయ్యాను. మిల్లు మూతబడ్డాక పవర్‌లూమ్ కార్ఖానాల్లో మోకాళ్లు అరిగేదాకా పనిచేశాను. బండ్ల గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ ఇనుము ఎట్లా కదులుతుందో, ఎక్కడ అరుగుతుందో, ఏ చప్పుడు మంచిదో ఏది చెడ్డదో నలభై ఏళ్లు చూశాను. ఆ కళ్లతోనే ఈ బండిని చూశాను. చూసింది చూసినట్టు చెప్తాను.

తోలుకొద్దామని పోయాను

సంగతి మా బిడ్డ కొడుకుతో మొదలైంది. వాడు డిప్లొమా రెండో సంవత్సరంలో చదువు వదిలిపెట్టి పుణె పోయాడు. విదేశీ బండ్లు బాగుచేసే ఒక గ్యారేజీలో హెల్పర్‌గా చేరాడు. ఇంట్లో పెద్ద గొడవ అయింది. మా బిడ్డ ఏడ్చింది. అల్లుడు వాడితో మాట్లాడటమే మానేశాడు. అందరికంటే ఎక్కువ కోపం నాకు వచ్చింది.

ఎందుకంటే మిల్లు మూతబడ్డప్పుడు నేను ఒక ఒట్టు పెట్టుకున్నాను. నా ఇంట్లో ఇక ఎవరూ పానా పట్టి బతకొద్దని. రావలసిన పైసల కోసం ఏండ్లకు ఏండ్లు తిరిగాం. మా ఇంటామె పగలూ రాత్రీ బీడీలు చుట్టి ఇల్లు గడిపింది. ఆ రోజుల్లోనే నా పానాల డబ్బాను పాత ఇనుపోడికి కిలో లెక్కన అమ్మేశాను. మనవాళ్లలో ఎంతోమంది ఆ పని చేసినవాళ్లే. నేను కొత్తగా చెప్పేది ఏముంది.

మొన్న ఎండాకాలంలో మా బిడ్డ వచ్చి, "బాపూ, నువ్వు పోయి వాన్ని తోలుకరా. నీ మాటైతే వింటడు" అంది. సరే అని రైలెక్కాను. వాణ్ని తీసుకునే తిరిగి వద్దామని పోయాను.

గ్యారేజీకి పోయేసరికి వాడు ఒక ఎర్ర బండి ముందు కింద కూర్చుని ఉన్నాడు. పెట్రోలు ట్యాంకు తీసి పక్కన పెట్టారు. ఇంజన్ మీది మూత విప్పి ఉంది. వాడి పక్కన గుడ్డ మీద పానాలు వరుసగా ఉన్నాయి. ఆ వరుసలో ఒక పాత ఫిల్లర్ గేజ్ ఉంది. చూడగానే గుర్తుపట్టాను. దాని మీద నా మిల్లు బిళ్ల నంబరు గీసి ఉంది. నేను గీసిందే. పానాల డబ్బా అమ్మిన రోజున అది బీడీ ఆకు గంప కింద ఎక్కడో పడి మిగిలిపోయింది. వాడెప్పుడు తీసుకున్నాడో నాకు తెలియదు.

"ఇది ఇంచుల లెక్కది గద తాతా. ఈ బండికి మిల్లీమీటర్ల గేజ్ కావాలె. పనికి దీన్ని వాడ. చేతికి అలవాటు కావాలని పెట్టుకున్న" అన్నాడు.

తిట్టాలని వచ్చినవాణ్ని, ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఏమిటా బండి

దాని పేరు డుకాటి మాన్‌స్టర్. మాన్‌స్టర్ అంటే భూతం అనుకోండి. ఇటలీవాళ్లు ముద్దుగా ఇల్ మోస్త్రో అంటారట. నేను చూసింది 797 అనే రకం. మన దేశంలో 2017లో అమ్మకానికి వచ్చింది. ఇలాంటి బండిని రోడ్‌స్టర్ అంటారు. అంటే రేసు బండ్లకు ఉన్నట్టు ముందు నుంచి కింది దాకా ప్లాస్టిక్ తొడుగు ఉండదు. ఇంజను, ఫ్రేము, గొట్టాలు, తీగలు అన్నీ బయటికే కనబడతాయి. ఒక గుండ్రటి లైటు, ఒక వెడల్పు హ్యాండిల్, వీపు పొంగిన ట్యాంకు, దాని కింద ఇంజను, ఒక సీటు. అంతే.

నాకు ముందు నచ్చింది ఆ ఫ్రేము. లావు కమ్మీలు కాదు. సన్నటి ఉక్కు గొట్టాలను త్రికోణాలుగా అతికి జాలీలాగా చేశారు. మన కార్ఖానా కప్పు కింద దూలాలు ఎట్లా ఉంటాయో అట్లా. సన్నగా ఉన్నా వంగదు. ఇంజను ఆ జాలీకి వేలాడుతున్నట్టు ఉంటుంది. ఇంజనే ఫ్రేములో ఒక భాగమై బరువు మోస్తుంది.

ఈ బండి పుట్టిన కథ మనలాంటి వాళ్లకు నచ్చే కథ. మొదటి మాన్‌స్టర్‌ను 1992లో జర్మనీలోని కొలోన్ ప్రదర్శనలో చూపించారు. 1993 నుంచి తయారు చేశారు. దాని రూపం గీసినవాడు మిగ్వెల్ గలుజ్జి. అర్జెంటీనా మనిషి. ఆ రోజుల్లో అందరూ బండ్లకు ఇంకా ఇంకా తొడుగులు వేసే పనిలో ఉన్నారు. ఆయన ఎదురు దారిన పోయాడు. సీటు, ట్యాంకు, ఇంజను, రెండు చక్రాలు, హ్యాండిల్ ఉంటే బండికి చాలు కదా అన్నది ఆయన లెక్క. కొత్త సామాన్లు చేయడానికి కంపెనీ దగ్గర పెద్దగా పైసలు లేవు. అందుకని ఉన్నవే వాడారు. ఫ్రేము 851 అనే రేసు జాతి బండిది. 904 సీసీ ఇంజను సూపర్‌స్పోర్ట్ అనే ఇంకో బండిది. స్టోరులో ఉన్న సామానుతోనే కొత్త బండి నిలబెట్టారు.

జాబర్ పని చేసినవాళ్లకు ఇది తెలుసు. కొత్త పార్టు కావాలని చీటీ రాస్తే ఆరు నెలలు రాదు. రెండు పాత సాంచలు విప్పి ఒక మంచి సాంచ నిలబెట్టేవాళ్లం. వాళ్లూ అట్లాగే చేశారు. కానీ వాళ్ల సాంచ లోకమంతా తిరిగింది. 2021 నాటికి మూడున్నర లక్షలకు పైగా మాన్‌స్టర్ బండ్లు తయారయ్యాయి. ఆ కంపెనీని కష్టకాలంలో నిలబెట్టిన బండి ఇదే అంటారు.

పట్టు మిల్లుల ఊరు

డుకాటి కార్ఖానా ఇటలీలో బొలోన్యా ఊరి అంచున, బోర్గో పనిగాలే అనే చోట ఉంది. ఆ ఊరి గురించి మనుమడు ఫోనులో చూపించాడు. చూసి నేను ఆశ్చర్యపోయాను. బొలోన్యా ఒకప్పుడు పట్టు దారం మిల్లుల ఊరు. వందల ఏళ్ల కింద, కరెంటు లేని కాలంలో, కాలువ నీళ్లతో చక్రం తిప్పి పట్టు దారం పేనేవాళ్లు. ఒక మిల్లు రెండు మూడు అంతస్తుల ఎత్తు ఉండేది. పదిహేడో శతాబ్దం చివరికి అలాంటి మిల్లులు వందకు పైగా ఉండేవి. ఆ యంత్రం రహస్యం బయటి ఊరికి చేరవేసినవాడికి మరణశిక్ష అని చట్టం పెట్టుకున్నారు. అయినా రహస్యం బయటికి పోయింది. వేరే ఊళ్లలో మిల్లులు లేచాయి. పద్దెనిమిదో శతాబ్దంలో బొలోన్యా పట్టు మిల్లులు పడిపోయాయి.

ఆ పట్టు మిల్లుకూ ఈ బండికీ నేరుగా చుట్టరికం ఉందని నేను అనను. మధ్యలో చాలా కాలం గడిచింది. కానీ ఆ ఊళ్లో పరిశ్రమల మ్యూజియం ఒకటి ఉంది. అందులో పాత పట్టు మిల్లు నమూనాను అసలు దానిలో సగం సైజులో నిలబెట్టారు. ఆ మ్యూజియంలోనే ఆ ఊరి మోటార్ సైకిళ్లు కూడా ఉన్నాయి. మన మిల్లుల సాంచలు ఎక్కడ ఉన్నాయి? పాత ఇనుము కింద పోయాయి. ఆ ఒక్క సంగతి నన్ను చాలాసేపు బాధపెట్టింది.

డుకాటి కూడా మొదట బండ్ల కంపెనీ కాదు. 1926లో రేడియో సామాన్లు చేయడానికి పెట్టారు. 1944 అక్టోబరులో యుద్ధ విమానాలు బాంబులు వేసి కార్ఖానాను కూల్చాయి. యుద్ధం అయ్యాక, 1946లో, సైకిలుకు తగిలించే చిన్న ఇంజను చేయడం మొదలుపెట్టారు. 48 సీసీ. దాని పేరు కుచ్చోలో. అంటే కుక్కపిల్ల. దాన్ని గీసింది తూరిన్ ఊరి కంపెనీ, తయారు చేసింది వీళ్లు. బస్సు లేక, కారు కొనే స్తోమత లేక పనికి పోయే కూలీనాలీ జనం దాన్ని సైకిళ్లకు బిగించుకున్నారు.

ఇక్కడ నాకు నా లూనా గుర్తొచ్చింది. 1972లో వచ్చిన ఆ 50 సీసీ లూనాకు మూలం ఇటలీ పియాజియో కంపెనీ చావో అనే బండి. మన బజాజ్ స్కూటర్లకు మూలం కూడా అదే పియాజియో వాళ్ల వెస్పా. అంటే మన మిల్లు జనం ఇటలీ బండ్ల మీదే డ్యూటీకి పోయారు. మనకు తెలియలేదు, అంతే.

డాబీ తెలిసినవాళ్లకు అర్థమయ్యే ఇంజను

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తాను. మనుమడు ఇంజను మూత తీసి ఏం చేస్తున్నాడు?

ఇట్లాంటి ఇంజనులో వాల్వులు ఉంటాయి. ఒకటి తెరిస్తే పెట్రోలు గాలి లోపలికి పోతుంది. ఇంకొకటి తెరిస్తే పొగ బయటికి పోతుంది. తెరవాలి, మూయాలి. నిమిషానికి వేల సార్లు. మామూలు బండిలో వాల్వును క్యామ్ తోసి తెరుస్తుంది. మూయడానికి ఒక గట్టి స్ప్రింగు ఉంటుంది. క్యామ్ వదలగానే స్ప్రింగు వాల్వును వెనక్కి లాగేస్తుంది.

మన ఇళ్లలో డాబీ సాంచ నడిపినవాళ్లు ఉంటే ఇక్కడ తల ఊపుతారు. పడుగు దారాలను లేపే ఫ్రేములు ఉంటాయి కదా. పాత డాబీ ఫ్రేమును పైకి లేపుతుంది. కిందికి దించేది స్ప్రింగు. సాంచ నెమ్మదిగా నడిచినంతసేపు ఏ బాధా లేదు. మాలికుడు వచ్చి స్పీడు పెంచమంటాడు. పెంచితే స్ప్రింగు అందుకోలేదు. ఫ్రేము పూర్తిగా దిగకముందే నాడె వచ్చేస్తుంది. దారాలు తెగుతాయి, గుడ్డ పాడవుతుంది. ఇంకా గట్టి స్ప్రింగు వేస్తే ఫ్రేము లేపడానికే బలమంతా పోతుంది. అందుకే తర్వాత ఇంకో రకం డాబీ వచ్చింది. పైకి లేపేదీ యంత్రమే, కిందికి దించేదీ యంత్రమే. స్ప్రింగు దయ మీద ఆధారపడేది లేదు.

డుకాటి ఇంజను ఆ రెండో రకం డాబీ. వాల్వును తెరవడానికి ఒక క్యామ్, మూయడానికి ఇంకో క్యామ్. తెరిచేది ఒక చేయి, మూసేది ఇంకో చేయి. దీన్ని డెస్మోడ్రోమిక్ అంటారు. గ్యారేజీలో డెస్మో అని పిలుస్తారు. ఈ ఉపాయం అంతకు ముందే వేరేవాళ్లకు తెలుసు. 1954లో మెర్సిడెస్ రేసు కారులో కూడా ఉంది. కానీ దాన్ని మోటార్ సైకిల్‌లో గట్టిగా నిలబెట్టినవాడు ఫాబియో తాల్యోని అనే ఇంజనీరు. ఆయన 1954లో డుకాటిలో చేరాడు. 1956లో ఆయన చేసిన 125 సీసీ డెస్మో బండి స్వీడన్ గ్రాండ్ ప్రి రేసులో మొదటిసారి దిగి మొదటిసారే గెలిచింది. 1968 నుంచి జనం కొనే బండ్లలో కూడా పెట్టారు.

"అసలు స్ప్రింగే లేదా?" అని అడిగాను. "ఒక చిన్నది ఉంటది తాతా. ఇంజను ఆగినప్పుడు వాల్వు మూసుకుని ఉండెటందుకు. తిరిగేటప్పుడు దాని మీద ఆధారపడది" అన్నాడు.

దీనికి ఖర్చు ఉంది. తెరిచే చేతికి ఒక సందు, మూసే చేతికి ఒక సందు చూడాలి. రెండు సిలిండర్లు, నాలుగు వాల్వులు, ఎనిమిది సందులు. మూసే వైపు సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. ఈ రకం బండికి ప్రతి 12,000 కిలోమీటర్లకు ఈ పని చేయాలి. సందు ఎక్కువైతే చిన్న బిళ్లలు మార్చాలి. ఆ బిళ్లను పట్టుకుని ఉండే సగం రింగులు గోరంత కూడా ఉండవు. చేయి జారి ఇంజనులో పడ్డాయంటే ఆ రోజంతా పోయినట్టే.

మనుమడు గేజ్ రేకు పెట్టి మెల్లగా లాగాడు. కళ్లు మూసుకున్నాడు. గేజ్ పని అట్లాంటిదే. కంటితో కాదు, వేలితో చూడాలి. రేకు జారాలి, కానీ పట్టుకున్నట్టు జారాలి. వాడు ఒక అంకె చెప్పాడు. పెద్ద మిస్త్రీ వచ్చి మళ్లీ కొలిచాడు. అదే అంకె. మిస్త్రీ ఏమీ అనలేదు, పక్క బండి దగ్గరికి పోయాడు. అట్లా ఏమీ అనకుండా పోవడమే మా పనిలో పెద్ద సర్టిఫికెట్టు.

ఎట్లా నడుస్తుంది

మర్నాడు ఆదివారం పొద్దున బండి యజమాని వచ్చాడు. మరాఠీ మనిషి, మంచివాడు. నేను బండిని అటూ ఇటూ చూస్తుంటే "కాకా, బసా" అని హెల్మెట్ చేతికిచ్చాడు. మనుమడు దాని పట్టీ నా గడ్డం కింద బిగించాడు. వెనక కూర్చున్నాను. వెనక సీటు చిన్నది, గట్టిది. కాళ్లు పైకి మడిచి కూర్చోవాలి. నా మోకాళ్లు ఆ పొద్దునంతా నన్ను తిట్టాయి.

స్టార్ట్ చేయగానే వచ్చే చప్పుడు నేను ముందు వినలేదు. మామూలు బండి ఒకే తీరుగా కొట్టుకుంటుంది. దీనికి రెండు సిలిండర్లు. ఒకటి దాదాపు పడుకుని ముందుకు చూస్తుంది, ఇంకొకటి నిలబడి ఉంటుంది. పక్క నుంచి చూస్తే ఇంగ్లీషు ఎల్ అక్షరంలాగా కనబడుతుంది. రెండిటి మధ్య సరిగ్గా 90 డిగ్రీలు. అందుకని దెబ్బలు సమానంగా పడవు. రెండు దగ్గర దగ్గరగా, తర్వాత ఒక ఖాళీ, మళ్లీ రెండు. సాంచ నడిచే షెడ్డులో పుట్టి పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. నాడె అటు పోయిన దెబ్బ, ఇటు వచ్చిన దెబ్బ, నడుమ పన్నె కొట్టే దెబ్బ. నాకు నిద్ర పట్టించే చప్పుడు అది. కానీ ఈ ఇంజను ఎగుడు దెబ్బలు కొట్టినా ఒళ్లు అదిరిపోయేట్టు వణకదు. ఆ 90 డిగ్రీల అమరికలో ఒకదాని ఊపును ఇంకొకటి మింగుతుంది.

ఊళ్లో నడిచేటప్పుడు ఈ బండి అంత హాయి కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చాలా తక్కువ స్పీడులో పెద్ద గేరులో పోతే గుంజుతుంది, మెడ పట్టి లాగినట్టు. సిగ్నలు దగ్గర ఆగితే వెనక సిలిండరు వేడి కాళ్లకు తగులుతుంది. గాలితో చల్లబడే ఇంజను కదా, కదిలితేనే దానికి ప్రాణం.

హడప్సర్ దాటి మన షోలాపూర్ రోడ్డు మీద లోణీ కాళ్‌భోర్ వైపు పోయేసరికి దాని అసలు గుణం తెలిసింది. ఆయన గేరు కూడా మార్చలేదు. చేయి కొంచెం తిప్పాడు. వెనక నుంచి ఎవరో రెండు చేతులతో నెట్టినట్టు అయింది. అరుపులు లేవు, తడబాటు లేదు. ఒక ఎద్దు తల వంచి బండి లాగినట్టు లాగింది. అది ఈ ఇంజను మహిమ. బాగా తిరిగాక వచ్చే బలం కాదు, నడుమనే వచ్చే బలం.

లెక్కలు ఇష్టమున్న పిల్లల కోసం రాస్తున్నాను. ఇంజను 803 సీసీ. బలం 75 హార్స్‌పవర్. పెట్రోలు నూనెలతో కలిపి బరువు 193 కిలోలు. మన పేటలో ఇంటింటా ఉండే 100 సీసీ బండికి ఎనిమిది హార్స్‌పవర్ ఉంటుంది, బరువు 110 కిలోల పైన. అంటే దీని బరువు రెట్టింపు కూడా కాదు, బలం మాత్రం తొమ్మిది రెట్లు. ఆ తొమ్మిది రెట్లు అన్న మాటను కొంచెంసేపు తలలో పెట్టుకోండి. ముందు చక్రానికి రెండు డిస్కులు, ఒక్కొక్కటి 320 మిల్లీమీటర్లు. చక్రం బిగుసుకుని జారకుండా ఏబీఎస్ ఉంది. ఆయన ఒకచోట మేకలు అడ్డం వస్తే బ్రేకు పట్టాడు. రెండు వేళ్లతోనే పట్టాడు. బండి నేలకు అతుక్కున్నట్టు ఆగింది. పోవడం కంటే ఆగడం నాకు ఎక్కువ నచ్చింది.

మూలమలుపులో ఇంకొక సంగతి చూశాను. హ్యాండిల్ వెడల్పు కాబట్టి కొంచెం ఒత్తితే చాలు, బండి వంగుతుంది. వంగినాక ఆ జాలీ ఫ్రేము గట్టిగా నిలబడుతుంది. పాముకు వెన్ను ఉన్నట్టు ఉంటుంది. వెనక కూర్చున్న ముసలాడికి కూడా భయం వేయలేదు.

మన పిల్లలకు ఒక మాట

ఈ బండి 2017లో వచ్చినప్పుడు షోరూము ధర 7 లక్షల 77 వేలు. తర్వాత వచ్చిన 937 సీసీ మాన్‌స్టర్ ధర 2021లో పదకొండు లక్షలకు దగ్గర. దాని బలం 111 హార్స్‌పవర్. మా ఇంటామెకు చెప్తే, "అన్ని పైసలకు ఎన్ని బీడీలు చుట్టాలె?" అని అడిగింది. నేను లెక్క చెప్పలేదు.

కిస్తులకు దొరుకుతుందని ఆశపడే పిల్లలు మన పేటల్లో ఉన్నారు. కొనుడు ఒక్కసారి, సాకుడు ఎప్పటికీ. ఎనిమిది సందులు చూసే పని ఊకె రాదు. పైగా 75 హార్స్‌పవర్ మన గల్లీ కోసం చేసింది కాదు. దోస్తు బండి ఒక రౌండ్ అడిగి తీసుకుని హైవే ఎక్కవద్దు. హెల్మెట్ లేకుండా అసలే వద్దు. ఈ బండి చెడ్డది కాదు, కానీ తెలియనివాడిని క్షమించదు. పెద్ద సాంచ కూడా అంతే కదా. ఎంతమంది వేళ్లు పోలేదు మన దాంట్లో.

కొనడం మన పని కాకపోవచ్చు. కానీ బాగుచేయడం మన పనే కావచ్చు. నేను పుణె నుంచి తెచ్చుకున్న ఆలోచన అది.

స్ప్రింగు మళ్లీ వచ్చింది

ఆ రాత్రి వాడి ఖోలీలో పడుకున్నాను. నిద్ర పట్టలేదు. చివరికి అడిగాను. "ఒరే, ఈ పని కూడా మిల్లు పని లెక్క ఒకనాడు పోతే ఏం చేస్తవ్?"

వాడు నవ్వాడు. "పోతనే ఉంది తాతా" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. డుకాటి తన పెద్ద వీ4 బండి మల్టీస్ట్రాడాలో 2020లో డెస్మో తీసేసి మళ్లీ స్ప్రింగులే పెట్టిందట. ఇప్పటి స్ప్రింగులు వెనకటివి కావు. ఉక్కు మెరుగైంది, లెక్క మెరుగైంది. ఆ ఇంజనుకు 60,000 కిలోమీటర్లకు ఒకసారి సందులు చూస్తే చాలు. 2024లో చూపించిన కొత్త చిన్న వీ2 ఇంజనులో కూడా స్ప్రింగులే. దానికి 45,000 కిలోమీటర్లకు ఒకసారి. కొత్త మాన్‌స్టర్‌కు ఆ ఇంజనే వస్తోంది. జాలీ ఫ్రేము కూడా 2021 నుంచే మాన్‌స్టర్‌లో లేదు. దాని బదులు అల్యూమినియం ముక్క వచ్చింది.

నాకు గుండెలో కలుక్కుమంది. వాడి వేళ్లు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పని అప్పుడే పాతదైపోతోంది. "మరి తెలిసీ ఎందుకు నేర్చుకుంటున్నవ్?" అన్నాను.

"ఉన్న బండ్లు ఇరవై ఏండ్లు తిరుగుతయి తాతా. వాటికి చూసేటోడు కావాలె. కొత్తవి కంప్యూటర్ పెట్టి చూస్తరు. అది గూడ రాత్రిపూట నేర్చుకుంటున్న. డెస్మో చేసిన చేతికి స్ప్రింగు కష్టం గాదు" అన్నాడు.

అప్పుడు నేను ఎవరికీ చెప్పని ముచ్చట వాడికి చెప్పాను. ఇప్పుడు మీకూ చెప్తున్నాను. మిల్లు పోయి పవర్‌లూమ్ కార్ఖానాలో ఉన్నప్పుడు మాలికుడు పాత రేపియర్ సాంచలు తెప్పించాడు. నాడె లేని సాంచలు. అవీ ఇటలీవే. "నేర్చుకుంటవా?" అని ముందు నన్నే అడిగాడు. నేను జాబర్‌ని అన్న గర్వం ఒకటి, ఆ కంప్యూటర్ డబ్బా చూస్తే భయం ఒకటి. నాడె లేకుండా గుడ్డ ఏం నేస్తుంది అని నవ్వి వద్దన్నాను. నా కింద పనిచేసిన పిల్లగాడు నేర్చుకున్నాడు. తర్వాత వాడు ఫోర్‌మన్ అయ్యాడు. నేను వాడి కింద పాత సాంచలు చూసుకుంటూ ఉండిపోయాను. ఇన్నేండ్లూ మిల్లు నన్ను ముంచిందని చెప్పుకున్నాను. మిల్లు ముంచింది నిజమే. కానీ రెండోసారి మునిగింది నా వల్లనే.

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "రేపియర్ డాబీ ఎట్ల ఉంటది తాతా?" అని అడిగాడు. తెల్లారేదాకా ఇద్దరం ఒక కాగితం మీద బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నాం.

నేను ఒంటరిగా తిరిగి వచ్చాను. ఒక షరతు మాత్రం పెట్టాను. ఆగిన డిప్లొమా ఎట్లాగైనా పూర్తి చేయాలని. చేస్తానన్నాడు. చేస్తాడో లేదో చూడాలి. మా బిడ్డకు ఇంకా కోపమే. అల్లుడు ఇంకా వాడితో మాట్లాడటం లేదు. మొన్న మాత్రం నన్ను పక్కకు పిలిచి, "మామా, ఆ బండి ఇంజను గురించి ఏదో చెప్పినవట, నాకూ చెప్పు" అన్నాడు. చెప్పాను.

మన ఇళ్లలో ఇట్లాంటి పిల్లలు ఇంకా ఉన్నారు. చదువు మధ్యలో వదిలి ఏదో గ్యారేజీలో నల్లటి చేతులతో కూర్చున్నవాళ్లు. చదువు వదలడం మంచిదని నేను చెప్పను. కానీ వాణ్ని తిట్టే ముందు ఒకసారి వాడు పనిచేసే చోటికి పోయి, పక్కన స్టూలు వేసుకుని ఒక పూట కూర్చోండి. వాడి చేయి చూడండి. మన చేతులు చూసినవాళ్లం మనం. మంచి చేయి ఏదో మనకు తెలుసు.